పాఠకుల ప్రశ్నలు: బీఫారం లేని నవలకు డిపాజిట్ దక్కదు

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోడు. లోక్‌సభ ఎన్నికల మీద, ఢిల్లీ రాజకీయాల మీద హాస్యనవల మొదలుపెట్టాం, నాలుగో అధ్యాయం దాటడం లేదు అని. జతచేసిన నమూనా పేజీలు చదివితే జబ్బు తెలిసిపోతోంది. నాయకుడికి పెద్ద పొట్ట, నోట్లో కిళ్లీ, తప్పుల తడక ఇంగ్లీషు. ఈ సరుకు జనం సినిమాల్లో ఏళ్ల తరబడి చూస్తూనే ఉన్నారు. వాళ్లు చూడనిది ఎన్నికల సంఘం నిబంధనల పుస్తకం. నవ్వు అక్కడ గుట్టలుగా పడి ఉంది. అందుకే ఈసారి జవాబులన్నీ తేదీలు, ఫారాలు, గడియారాల చుట్టూనే తిరుగుతాయి.

ప్రశ్న: మా కథానాయకుడు ఎంపీ టికెట్ కోసం తిరిగే కాంట్రాక్టరు. కథ ఏ రోజున మొదలైతే బాగుంటుంది? ఎన్నికల తేదీలు కల్పించుకోవచ్చా?
– కె.ఆర్., తెనాలి

జవాబు: కల్పించకండి. జరిగిపోయిన ఒక ఎన్నిక క్యాలెండరు తీసుకుని, సంవత్సరం మాత్రం చెప్పకుండా దాచేయండి. వారాలూ తిథులూ వాటంతట అవే కుదురుతాయి. 2024నే తీసుకుందాం. షెడ్యూలు ప్రకటన మార్చి 16. ఎన్నికల ప్రవర్తనా నియమావళి, అదే కోడ్, కూసింది ఆ రోజే, నోటిఫికేషన్ దాకా ఆగలేదు. దేశమంతా ఏడు విడతలు, ఏప్రిల్ 19 నుంచి జూన్ 1 వరకు. మన రెండు రాష్ట్రాలూ నాలుగో విడత: ఏప్రిల్ 18 నోటిఫికేషన్, 25 నామినేషన్లకు ఆఖరు, 26 పరిశీలన, 29 ఉపసంహరణ, మే 13 పోలింగ్, జూన్ 4 లెక్కింపు.

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. నామినేషన్లు తీసుకునేది ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే. ఎనిమిది రోజుల్లో ఆదివారం పోతే ఏడు రోజులు, మొత్తం 28 గంటలు. ఆ వేళల్లో పడే రాహుకాలం రెండు గురువారాలూ ఒక బుధవారమూ గంటన్నర చొప్పున, శుక్రవారం ఒక గంట, వెరసి ఐదున్నర గంటలు. యమగండం శనివారం గంటన్నర, సోమవారం గంట. ఇవి తీసేస్తే మిగిలేది 20 గంటలు. మంగళవారం వద్దని పట్టుబట్టే అత్తగారు ఇంట్లో ఉంటే 16. వర్జ్యం, దుర్ముహూర్తం జోలికి ఇంకా పోనేలేదు. ఆఖరి రోజు గురువారం. ఆ రోజు రాహుకాలం ఒంటిగంటన్నరకు మొదలై సరిగ్గా మూడింటికి పోతుంది, రిటర్నింగ్ అధికారి (ఆర్వో) తలుపూ సరిగ్గా మూడింటికే మూస్తారు. మీ కాంట్రాక్టరు బీఫారం, అంటే ఇతనే మా అభ్యర్థి అని పార్టీ ఇచ్చే పత్రం, ఒంటిగంటకు గన్నవరం విమానాశ్రయంలో దిగిందనుకోండి. ఒక పక్క పురోహితుడు, ఒక పక్క కలెక్టరేట్ గోడ గడియారం. ఈ అధ్యాయంలో మీరు వేరే జోకు వేయక్కర్లేదు.

కాబట్టి కథ ఏప్రిల్ 24 రాత్రి మొదలుపెట్టండి. అంతకుముందు నెల రోజుల ప్రదక్షిణలన్నీ పాత్రలు గుర్తు చేసుకోవడంలో వచ్చేస్తాయి.

అడగకపోయినా ఇంకోటి. పోలింగ్‌కూ లెక్కింపుకూ మధ్య మనకు మూడు వారాల ఖాళీ వచ్చింది. "ఫలితాల రోజు రానే వచ్చింది" అని చాలామంది ఒక్క వాక్యంలో దాటేస్తారు. నవలకు గుండెకాయ లాంటి చోటు అది. స్ట్రాంగ్‌రూమ్‌కు రెండు తాళాలు, కేంద్ర బలగాల కాపలా, బయట టెంటు వేసుకుని సీసీ కెమెరా తెర వంక చూస్తూ కూర్చునే పార్టీ ఏజెంట్లు. తెర మీద బల్లి తప్ప ఏదీ కదలదు. గెలిస్తే అడగాల్సిన మంత్రి పదవి గురించి ముందు గదిలో, ఓడితే ఎగ్గొట్టాల్సిన బాకీల గురించి వెనక గదిలో ఒకేసారి చర్చ జరిగే రోజులవి. కనీసం రెండు అధ్యాయాలు ఇవ్వండి.

ప్రశ్న: నామినేషన్ తిరస్కరణతో కథ మలుపు తిప్పాలని ఉంది. తండ్రి పేరులో అక్షరం తప్పు పడిందని తిరస్కరించినట్టు రాశాను. సరిపోతుందా?
– ఎస్., కరీంనగర్

జవాబు: సరిపోదు. ముఖ్యమైన లోపం కాకపోతే నామినేషన్ తోసిపుచ్చకూడదని చట్టంలోనే ఉంది. అక్షరదోషాన్ని ఆర్వో పట్టించుకోడు. నిజంగా పీకల మీదికి తెచ్చేవి వేరే ఉన్నాయి.

మొదటిది ప్రమాణం. పత్రాలన్నీ ఇచ్చి, ఫొటోలు దిగి, బయట విజయ చిహ్నం చూపించి వెళ్లిపోతాడు అభ్యర్థి. పరిశీలన తేదీ రాకముందే ఆర్వో ఎదుట రాజ్యాంగానికి విధేయుడినని ప్రమాణం చేయాలన్నది మరచిపోతే అంతే సంగతులు. రెండోది ఫారం 26, అంటే ఆస్తులు, అప్పులు, కేసుల అఫిడవిట్. అందులో ఏ గడీ ఖాళీగా వదలకూడదు. లేకపోతే "లేదు" అని, సంబంధం లేకపోతే "వర్తించదు" అని రాయాలి. ఖాళీ వదిలితే ఆర్వో నోటీసు ఇస్తాడు, అప్పటికీ నింపకపోతే తిరస్కరణ. భార్య నగల గడి దగ్గర ఆగిపోయిన అభ్యర్థిని ఊహించుకోండి. రాస్తే ఆదాయపు పన్నువాళ్లకు తెలుస్తుంది. రాయకపోతే నామినేషన్ పోతుంది. సగం రాస్తే భార్యకు తెలుస్తుంది, మిగతా సగం ఎవరికి కొన్నాడని.

మూడోది ప్రతిపాదకులు. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు. స్వతంత్రులకూ, గుర్తింపు లేని పార్టీలవాళ్లకూ పదిమంది కావాలి, అందరూ ఆ నియోజకవర్గం ఓటర్లే అయ్యుండాలి. ఈ సంతకాలు ఎంత పని చేస్తాయో 2024లో సూరత్ చూపించింది. ప్రతిపాదకులు "ఆ సంతకాలు మావి కావు" అనడంతో కాంగ్రెస్ అభ్యర్థి నామినేషన్ పోయింది. మిగతావాళ్లు ఒక్కొక్కరే ఉపసంహరించుకున్నారు. ఏప్రిల్ 22న బీజేపీ అభ్యర్థి ఏకగ్రీవమయ్యారు. అక్కడి ఓటరుకు నోటా నొక్కే భాగ్యం కూడా లేకపోయింది.

ఇక బీఫారం. ఎవరు సంతకం చేస్తే చెల్లుతుందో పార్టీ ముందుగా ఏఫారంలో తెలియజేయాలి. ఆ మనిషి సిరాతో చేసిన సంతకమున్న అసలు బీఫారం ఆఖరి రోజు మూడు గంటల్లోపు అందాలి. రబ్బరు స్టాంపు సంతకం, ఫ్యాక్స్, జిరాక్స్ చెల్లవు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటో అసలే చెల్లదు. ఒకరికి ఇచ్చిన బీఫారం రద్దు చేసి ఇంకొకరికి ఇచ్చే వెసులుబాటూ ఆ మూడు గంటల దాకా ఉంది. రెండోదానిలో "మొదటిది రద్దు" అని రాయడం మరచిపోతే, ముందు నామినేషన్ ఇచ్చినవాడే పార్టీ అభ్యర్థి అవుతాడు. హైకమాండ్ గుమాస్తా వదిలేసిన ఒక్క వాక్యంతో ఊరి తలరాత మారిపోయే వీలుంది. వదులుకోకండి.

డమ్మీని కూడా మరవద్దు. అసలు అభ్యర్థి నామినేషన్ పోతే అక్కరకొస్తుందని భార్యతోనో తమ్ముడితోనో ఇంకో సెట్టు వేయిస్తారు. అసలువాడిది చెల్లిందంటే డమ్మీది పోతుంది. అయితే డమ్మీ పత్రం మీద పదిమంది ప్రతిపాదకులు ఉన్నారా, అది స్వతంత్ర అభ్యర్థిత్వంగా నిలబడుతుంది. డమ్మీ భార్యే అనుకోండి, ఉపసంహరణకు ఆఖరి రోజైన సోమవారం మూడింటిలోపు ఆవిడ ఫారం 5 ఇచ్చి తప్పుకోవాలి. ఆవిడకు తప్పుకునే ఉద్దేశం లేకపోతే, మీకు ఇక విలన్ అక్కర్లేదు.

ప్రశ్న: పార్టీల పేర్లు, గుర్తులు ఎలా కల్పించాలి? నేను 'అఖిల భారత అప్పడాల పార్టీ' అని పెట్టాను.
– విజయనగరం పాఠకురాలు

జవాబు: అప్పడాలు చదవగానే నవ్వొస్తాయి. పదో పేజీలో రావు. నిజమైన పేర్లలాగే గంభీరంగా ఉండాలి, అసలు నవ్వు ఆ గాంభీర్యంలోంచి పుట్టాలి. నమోదై గుర్తింపు లేని పార్టీలు దేశంలో వేల సంఖ్యలో ఉన్నాయి. ప్రజా, జన, రాష్ట్రీయ, సమాజ్, క్రాంతి, వీటిలో ఏ మూడు కలిపినా అదివరకే ఎవరో ఒకరు నమోదు చేసి ఉండవచ్చు. ఎన్నికల సంఘం జాబితాలో ఒకసారి వెతికి చూసుకుని పెట్టండి.

గుర్తులకు ఫ్రీ సింబల్స్, అంటే ఏ పార్టీకీ కేటాయించని గుర్తుల, జాబితా చదవండి. ప్రెషర్ కుక్కర్, టూత్‌బ్రష్, నెయిల్ కట్టర్, బెండకాయ, క్యాలీఫ్లవర్, చపాతీ కర్ర, సబ్బుపెట్టె, నూడుల్స్ గిన్నె, అన్నీ ప్రభుత్వం ముద్రించినవే. కొత్తగా జంతువుల గుర్తులు ఇవ్వడం మానేసి చాలా ఏళ్లయింది, కనుక గాడిదలూ నక్కలూ వద్దు. గుర్తు ఎంపిక కథను కదిలించాలి. కుక్కర్ గుర్తు వచ్చినవాడు కుక్కర్ చూపించి ప్రచారం చేసుకోవచ్చు, ఒక్కటి పంచాడంటే లంచం కేసు. పోలింగ్ కేంద్రానికి వంద మీటర్లలోపు గుర్తు ప్రదర్శించకూడదు. మరి గుర్తు గాజు గ్లాసో ఫ్యానో అయితే? లోపల టీ తాగుతున్న ప్రిసైడింగ్ అధికారి మీద ఎవరైనా ఫిర్యాదు రాస్తే? గాజు గ్లాసు ఫ్రీ సింబల్స్‌లో ఉండటంతో 2024లో జనసేన పోటీలో లేని కొన్ని చోట్ల స్వతంత్రులకు దక్కింది, తగాదా హైకోర్టు దాకా వెళ్లింది.

పోలిక ఉన్న గుర్తుల గొడవ ఇంకా రుచిగా ఉంటుంది. 2019లో భువనగిరి లోక్‌సభ స్థానంలో కారు గుర్తు అభ్యర్థి ఐదువేల పైచిలుకు ఓట్లతో ఓడిపోయాడు. అక్కడే రోడ్డురోలరు గుర్తుకు 27 వేలకు పైగా పడ్డాయి. కళ్లజోడు మరచిపోయి వచ్చిన ముసలాయన దేశ రాజకీయాన్ని మార్చగలడని మీ నవల చెప్పదలిస్తే, లెక్క సిద్ధంగానే ఉంది.

ఒకే పేరు అభ్యర్థుల ఎత్తు పాతదే కానీ చావలేదు. 2014లో ఛత్తీస్‌గఢ్‌లోని మహాసముంద్‌లో బీజేపీ అభ్యర్థి చందూలాల్ సాహూ మీద అదే పేరో, దాదాపు అదే పేరో ఉన్నవాళ్లు ఓ పదిమంది నిలబడ్డారు. అయినా ఆయనే 1,217 ఓట్లతో బయటపడ్డారు. ఇది రాసేటప్పుడు చాలామంది చేసే పొరపాటు, ఇద్దరి పేర్లూ యంత్రం మీద పక్కపక్కనే ఉన్నట్టు రాయడం. గుర్తింపు పొందిన పార్టీలవాళ్లు పైన వస్తారు, తర్వాత నమోదిత పార్టీలు, అడుగున స్వతంత్రులు. అక్షరక్రమం ఆయా గుంపుల్లోపలే. పైగా 2015 నుంచి యంత్రం మీద ఫొటో కూడా ఉంటోంది. కాబట్టి ఇప్పటి కుట్రకు పేరొక్కటే చాలదు. మీసం కూడా కలవాలి.

ప్రశ్న: వందలమంది పోటీ చేసినట్టు రాస్తే అతిశయోక్తి అనుకుంటారా?
– డి., నిజామాబాద్

జవాబు: మీ ఊరి నుంచే ఈ ప్రశ్నా! 2019లో మీ నియోజకవర్గంలో 185 మంది నిలబడ్డారు, ఎక్కువమంది పసుపు, ఎర్రజొన్న రైతులే. ఒక్కో బ్యాలెట్ యూనిట్‌కు 16 మీటలు. నోటాతో కలిపి 186 వరుసలకు ఒక్కో కేంద్రంలో 12 యూనిట్లు పరిచారు. 1996లో నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్ల గోడు వినిపించడానికి పోటీలో దిగినవాళ్లు 480 మంది. అప్పటికింకా కాగితపు బ్యాలెట్. ఆ ఎన్నిక తర్వాతే లోక్‌సభ ధరావతు 500 నుంచి 10,000కు పెరిగింది, స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకుల నియమం వచ్చింది. ఇప్పుడది 25,000, ఎస్సీ ఎస్టీలకు అందులో సగం. ఆ సొమ్ము రూపాయి నాణేల మూటగా తెచ్చే అభ్యర్థులూ ఉన్నారు. ఒక చెల్లింపులో వెయ్యి రూపాయలకు మించి నాణేలు తీసుకోవాల్సిన బాధ్యత చట్టప్రకారం ఎవరికీ లేదు, ఆ సంగతి ఆర్వో పాత్రకు తెలిసి ఉండాలి.

ప్రశ్న: డబ్బు పంపకం సీన్లు అందరూ రాసినవే. కొత్తగా ఏం రాయొచ్చు?
– పి.ఎన్., ఒంగోలు

జవాబు: పంపకం వదిలేసి, లెక్క రాసేవాడి మీద రాయండి. పెద్ద రాష్ట్రాల్లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 95 లక్షలు. ఆంధ్రలో ఒక్కో లోక్‌సభ స్థానానికి సగటున 16 లక్షల పైచిలుకు ఓటర్లు. అంటే తలకు ఆరు రూపాయలు కూడా రాదు. ఒక టీకైనా చాలని ఆ డబ్బుతో హెలికాప్టరూ డ్రోన్లూ డప్పులూ పూలవర్షమూ జరిగినట్టు రిజిస్టరులో చూపించాలి. ఆ రిజిస్టరు రాసే గుమాస్తాను మించిన కల్పనా రచయిత దేశంలో ఉండడు. మీ కథానాయకుడు అతనే కావాలని మా సలహా.

అతని పని ఎలా ఉంటుందో చూడండి. అభ్యర్థి పేర విడిగా బ్యాంకు ఖాతా. పదివేలు దాటిన ప్రతి చెల్లింపూ చెక్కుతోనో ఆన్‌లైన్‌లోనో. జిల్లా ఎన్నికల అధికారి ముందే ధరల పట్టిక ఇస్తాడు, టీకింత, బిర్యానీ ప్యాకెట్‌కింత, కుర్చీ అద్దెకింత, దండకింత. వీడియో బృందం సభకు వచ్చి కుర్చీలు, జెండాలు, వాహనాలు చిత్రీకరించి వెళ్తుంది. ఆ లెక్కతో పరిశీలకులు సొంతంగా నీడ రిజిస్టరు నడుపుతారు. ప్రచారంలో కనీసం మూడుసార్లు రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి చూస్తారు. మనవాడు 400 కుర్చీలు రాశాడు, వీడియోలో 4,000 కనిపించాయి. "అవి ఖాళీ కుర్చీలు సార్, ఖాళీవాటికీ లెక్కేనా?" అని అడిగించండి. సభకు జనం రాలేదని ఒప్పుకుంటే ఖర్చు తగ్గుతుంది. ఒప్పుకుంటే పరువు పోతుంది.

సందులు కూడా చట్టంలోనే ఉన్నాయి. అభ్యర్థి ఖాతా నామినేషన్ రోజున మొదలై ఫలితం రోజున ముగుస్తుంది. అంతకుముందు నెలంతా పెట్టినది అందులోకి రాదు, కొని దాచి తర్వాత వాడిన సామగ్రి మాత్రం వస్తుంది. పార్టీ పెట్టే ఖర్చుకు పరిమితే లేదు. గుర్తింపు పొందిన పార్టీకి 40 మంది స్టార్ క్యాంపెయినర్లు. వాళ్ల ప్రయాణం అభ్యర్థి ఖాతాలో పడదు, కానీ అదే వేదిక ఎక్కి పక్కన నిలబడితే సభ ఖర్చు అతని మెడకు చుట్టుకుంటుంది. జాతీయ నాయకుడు వేదిక మీద ఉంటే, సొంత అభ్యర్థి మెట్ల కింద నిలబడి మెట్టెక్కాలా వద్దా అని గుమాస్తాకు ఫోన్ చేయడం, ఇది ఏ రచయితా ఊహించి రాయగలిగింది కాదు. ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్క సమర్పించాలి. ఇవ్వకపోతే మూడేళ్ల అనర్హత పడొచ్చు.

ఇంకో నియమం చూడండి. కేసులున్న అభ్యర్థి తన కేసుల వివరాలు తన డబ్బుతో పత్రికల్లోనూ టీవీలోనూ మూడు విడతలుగా ప్రకటించుకోవాలి. అతన్నే ఎందుకు ఎంచుకున్నారో పార్టీ 48 గంటల్లో కారణం చెప్పాలి. "గెలుస్తాడు కాబట్టి" అన్నదొక్కటే కారణంగా చెల్లదని సుప్రీంకోర్టు 2020లో చెప్పేసింది. ఆ కారణం రాయడానికి పార్టీ కార్యాలయంలో కూర్చున్న ముగ్గురి సంభాషణకు పది పేజీలు ఇవ్వండి.

ప్రశ్న: కథ ఒక టీచరమ్మ ప్రిసైడింగ్ ఆఫీసరుగా వెళ్లిన పోలింగ్ కేంద్రంలో నడుస్తుంది. వివరాలు కావాలి.
– ఏలూరు నుంచి ఒక ఉపాధ్యాయిని

జవాబు: ఉత్తరాలన్నిటిలో ఇదే మంచి ఎంపిక. నాయకుడి కళ్లతో చూస్తే ఎన్నిక యుద్ధం, టీచరమ్మ కళ్లతో చూస్తే లక్క, కొవ్వొత్తి, దారం, గమ్ము, ఫారాలు, లెక్కలేనన్ని కవర్లు. ముందు రోజు పంపిణీ కేంద్రంలో చెట్టు కింద కూర్చుని సామాను సరిచూసుకోవడంతో మొదలుపెట్టండి. ఏ సంచిలోనైనా ఏదో ఒకటి తక్కువ ఉంటుంది. ఆ ఒక్కటి ఏమిటో మీ ఇష్టం.

పోలింగ్ ఏడింటికైతే మాక్ పోల్ ఐదున్నరకు. ఏజెంట్ల ఎదుట కనీసం 50 ఓట్లు వేసి చూపించి, క్లోజ్, రిజల్ట్, క్లియర్ వరుసగా నొక్కాలి. ఆ తొందరలో క్లియర్ మరచిపోవడం పాత జబ్బు. ఆ 50 నకిలీ ఓట్లు యంత్రంలోనే ఉండిపోతాయి, లెక్కింపు రోజు ఆ యంత్రాన్ని పక్కన పెట్టాల్సి వస్తుంది. మీ టీచరమ్మకు ఏడున్నరకు, క్యూ గేటు దాటాక, అది గుర్తుకు రావాలి. ఓటు ఎవరికి పడిందో చూపే వీవీప్యాట్ చీటీ ఏడు సెకన్లు కనిపించి పడిపోతుంది.

తర్వాత ఓటర్లు. "ఇతను ఆ మనిషి కాదు" అని ఏజెంటు అభ్యంతరం చెప్పాలంటే రెండు రూపాయలు కట్టాలి, అక్షరాలా రెండు రూపాయలే. ఆరోపణ పసలేనిదని తేలితే ఆ రెండు రూపాయలూ పోతాయి. చిల్లర లేదని ఐదు వందల నోటు తీసే ఏజెంటును పెట్టండి. తన ఓటు ఎవరో వేసేశారని గొడవపడే అసలు ఓటరుకు టెండర్ ఓటు ఇస్తారు. అది కాగితం మీద వేయించి కవర్లో పెట్టేది, మామూలు లెక్కింపులో కలవదు. ఆ సంగతి ఆమెకు చెప్పాలా వద్దా అన్నది టీచరమ్మ సమస్య. ఆరింటికి గేటు మూసేటప్పుడు వరుసలో ఉన్నవాళ్లకు చీటీలు క్యూ తోక నుంచి తలవైపుగా పంచుతారు. తల నుంచి పంచితే వెనక కొత్తవాళ్లు చేరుతూనే ఉంటారు కదా. తోకలో నిలబడ్డవాడికి ఒకటో నంబరు వస్తుంది. జీవితంలో మొదటిసారి ఫస్టొచ్చానని వాడు మురిసిపోవచ్చు.

సిరా మైసూరు పెయింట్స్‌ది, ఎడమ చూపుడువేలికి. చెయ్యి పట్టుకున్న ప్రతివాడూ ఊరి వైద్యుడిలా ముఖం పెడతాడు.

ప్రశ్న: ఢిల్లీ నాయకుడి సభలో నవ్వు ఎలా పుట్టించాలి? హిందీ డైలాగులు తెలుగు లిపిలో రాస్తే విసుగ్గా ఉంది.
– ఎం.డి., వరంగల్

జవాబు: నాయకుడిని వదిలేసి అనువాదకుడిని పట్టుకోండి. నాయకుడు మూడు నిమిషాలు మాట్లాడితే ఇతను ఒక వాక్యంలో తేల్చేస్తాడు. నాయకుడు "భాయియోం" అంటే ఇతను మూడు నిమిషాలు చెబుతాడు. హిందీ అంతా ఎత్తి రాయనక్కర్లేదు. తెలుగులో ఇతను చెప్పినదాన్ని బట్టి పాఠకుడే మూలం ఊహించుకుంటాడు. వేదిక మీద ఊరి పేరు తప్పు పలికినప్పుడు సరిదిద్దాలా, అదే తప్పు తెలుగులోనూ పలకాలా అన్న సంకటం ఒక్కటే సీను నడిపేస్తుంది.

ప్రశ్న: ఫలితాల తర్వాత సంకీర్ణ బేరసారాలు రాస్తున్నాను. స్వతంత్రుడిగా గెలిచిన మా హీరో వారంలో పెద్ద పార్టీలో చేరి మంత్రి అవుతాడు.
– జి.కె., కర్నూలు

జవాబు: మంత్రి కావచ్చు, చేరకూడదు. స్వతంత్రుడిగా గెలిచి ఏ పార్టీలో చేరినా రాజ్యాంగంలో ఫిరాయింపుల సంగతి చూసే పదో షెడ్యూలు కింద పదవి పోతుంది. బయటి నుంచి మద్దతిస్తూ కుర్చీలో కూర్చోవచ్చు. అంటే మీ హీరో అయిదేళ్లూ కండువా వేసుకోకుండా ఆ కండువా నీడలోనే తిరగాలి. అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ఇది మీరు రాసినదానికన్నా బాగుంటుంది.

పార్టీ మారే వ్యవహారానికి వయసుంది. 1967లో హర్యానా శాసనసభ్యుడు గయాలాల్ పక్షం రోజుల్లో మూడుసార్లు పార్టీ మారాడు, ఆయా రామ్ గయా రామ్ అన్న మాట అక్కడ పుట్టింది. 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చింది. మూడోవంతు మంది చీలితే తప్పులేదన్న సందును 2003లో మూసేశారు, మూడింట రెండొంతుల విలీనం మాత్రం మిగిలింది. అదే సవరణతో మంత్రుల సంఖ్య సభలో 15 శాతానికి మించకూడదన్నారు. 543కు 81 మంది. మీ నవలలో 90 మందికి మాట ఇచ్చిన నాయకుడు ఉంటే, మిగిలిన తొమ్మిదిమందినీ ఒకే గదిలో కూర్చోబెట్టండి.

క్యాంపు రాజకీయం రాస్తే మన చరిత్ర చూసుకోండి. 1984 ఆగస్టులో తెలుగుదేశం ఎమ్మెల్యేలు ఢిల్లీ వెళ్లి రాష్ట్రపతి ఎదుట నిలబడి తలలు లెక్కపెట్టించుకున్నారు, ఆపైన కర్ణాటకలో మకాం వేశారు. రిసార్ట్ అధ్యాయంలో రాజకీయం తక్కువ, దైనందిన జీవితం ఎక్కువ ఉండాలి. ఫోన్లు లాగేసుకున్నాక నలభైమంది పెద్దమనుషులు ఏం చేస్తారు? మజ్జిగ ఎవరికి పుల్లగా వచ్చింది? ఒక్క ఓటు విలువ గురించి ఎవరైనా అనుమానిస్తే, 1999 ఏప్రిల్ 17న 269కి 270 పడి వాజ్‌పేయి ప్రభుత్వం కూలిన సంగతి ఏదో ఒక పాత్ర గుర్తు చేస్తుంది.

ప్రశ్న: లెక్కింపు రోజు ఉత్కంఠ ఎలా పెంచాలి? ఒక్క ఓటు తేడా సినిమాటిక్‌గా ఉంటుందా?
– టి., కాకినాడ

జవాబు: 2008లో రాజస్థాన్‌లోని నాథ్‌ద్వారాలో సీపీ జోషీ ఒక్క ఓటుతోనే ఓడారు. లోక్‌సభకైతే 1989లో అనకాపల్లిలో కొణతాల రామకృష్ణ తొమ్మిది ఓట్లతో గెలిచారు. కనుక తేడా ఎంతైనా పెట్టుకోండి, వరుస మాత్రం తప్పొద్దు.

ఎనిమిదింటికి పోస్టల్ బ్యాలెట్లు, అరగంట తర్వాత యంత్రాలు. మన దగ్గర ఒక్కో లోక్‌సభ స్థానంలో ఏడు అసెంబ్లీ సెగ్మెంట్లు, ఒక్కోదానికి మామూలుగా 14 టేబుళ్లు. 280 కేంద్రాలుంటే 20 రౌండ్లు. ఏజెంట్లు జాలీ వెనక, ఫోన్లు లేకుండా, కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క ఉండే ఫారం 17సీ నకలు పట్టుకుని కూర్చుంటారు. చివర సెగ్మెంటుకు ఐదు వీవీప్యాట్‌ల చీటీలు చేత్తో లెక్కపెడతారు. పోస్టల్ బ్యాలెట్లు తెచ్చే నవ్వు వేరు. ఆ ఓట్లలో చాలావరకు ఎన్నికల డ్యూటీ చేసిన ఉద్యోగులవే, డిక్లరేషన్ మీద అధికారి ధ్రువీకరణ సంతకం లేక చెల్లకుండా పోయేవీ వాళ్లవే. ఊరందరికీ ఓటెలా వేయాలో నేర్పిన మాస్టారి ఓటు చెల్లదు. తిరస్కరించిన పోస్టల్ ఓట్లకన్నా గెలుపు తేడా తక్కువైతే వాటన్నిటినీ మళ్లీ పరిశీలించాలి, మాస్టారి కవరు మళ్లీ వెలుగు చూస్తుంది. సరిసమానమైతే ఆర్వో లాటరీ తీస్తాడు, గెలిచినవాడికి ఒక ఓటు అదనంగా పడినట్టు. లాటరీ ఎలా తీయాలో చట్టం చెప్పదు. చీటీలా, బొమ్మా బొరుసా అన్నది మీ ఆర్వో స్వభావాన్ని బట్టి.

ప్రశ్న: కేసులు పడతాయేమో అని భయం.
– పేరు వద్దన్న పాఠకుడు, హైదరాబాద్

జవాబు: "పాత్రలన్నీ కల్పితం" అన్న వాక్యం గొడుగు కాదు. పేరు మార్చినా మనిషి పోల్చుకోగలిగితే పరువునష్టం దావా వేయొచ్చు. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద రెండేళ్ల వరకు శిక్ష ఉంది. ముఖ్యంగా ఇంటిపేర్లు చూసుకోండి. మనకు ఇంటిపేరు చెబితే ఊరూ కులమూ చెప్పినట్టే. నియోజకవర్గానికీ, పాత్ర ఇంటిపేరుకూ, ఆ ప్రాంతపు నిజమైన నాయకులకూ పోలిక లేకుండా పట్టిక వేసుకుని సరిచూడండి. ఆ తర్వాత ఒక అధ్యాయం ఐదుగురికి ఇచ్చి "ఇది ఎవరు?" అని అడగండి. ముగ్గురు ఒకే పేరు చెబితే ఆ పాత్రను తిరగరాయండి. ఐదుగురూ ఐదు పేర్లు చెబితే అచ్చుకు పంపండి.

ప్రశ్న: నా నవల చివర నోటాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వచ్చి, ఎన్నిక రద్దై, ప్రజలు గెలుస్తారు. ఎలా ఉంది?
– ఆర్.ఎల్., అనంతపురం

జవాబు: లోక్‌సభ ఎన్నికలో అలా జరగదు. నోటా 2013లో వచ్చింది, అది అభ్యర్థి కాదు. డిపాజిట్ కోసం లెక్కించే చెల్లిన ఓట్లలోనూ కలవదు. 2024లో ఇండోర్‌లో కాంగ్రెస్ అభ్యర్థి తప్పుకున్నాక నోటాకు 2 లక్షల 18 వేలకు పైగా పడ్డాయి, అయినా ఫలితంలో వెంట్రుకవాసి తేడా రాలేదు. నోటాకే మొదటి స్థానం వచ్చినా తర్వాతివాడు గెలిచినట్టే. కాబట్టి రీపోలింగ్ అధ్యాయం తీసేయండి. నోటాకు ఏడు లక్షలు, మీ కాంట్రాక్టరుకు నలభై వేలు రానివ్వండి. ఆర్వో ఫారం 22 నింపి ధ్రువపత్రం చేతికిస్తాడు. బయట దండలు తెప్పించమంటే, గుమాస్తా ధరల పట్టిక తీసి, "ఎన్ని రాయమంటారు సార్?" అని అడుగుతాడు.